లక్డారం పరిసరాల్లో ఇంటి పగడపు తొట్టి: నీటి ఎంపిక, నిర్వహణ, ఉప్పునీటి విసర్జన

ఉప్పునీటి పగడపు తొట్టి ఏర్పాటుపై లభించే సూచనలు చాలావరకు సముద్రతీర నగరాలనో, శీతల దేశాలనో దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని లక్డారం వంటి గ్రామంలో వాటిని యథాతథంగా అనుసరిస్తే రెండు చోట్ల ఇబ్బంది ఎదురవుతుంది. మొదటిది తొట్టిలోకి వచ్చే నీరు, రెండవది తొట్టి నుంచి బయటకు పోయే నీరు. మొదటి దానిలో పొరపాటు జరిగితే నష్టం తొట్టికే పరిమితం. రెండవ దానిలో జరిగితే పెరటి నేల, పొరుగువారి బోరు కూడా నష్టపోతాయి. రెండవ విషయాన్ని అభిరుచి గల వారికి ఎవరూ చెప్పడం లేదు కనుక ఈ వ్యాసంలో దానికి ఎక్కువ చోటు ఇవ్వబడింది.

పగడపు దిబ్బలు మన దేశంలో మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. గోదావరి, కృష్ణా నదుల ఒండ్రుతో నీరు మసకబారే తెలుగు తీరంలో చెప్పుకోదగిన దిబ్బలు లేవు. పగడాలకు నిర్మలమైన, పోషకాలు అతి తక్కువగా ఉన్న నీరు అవసరం. పంటకు మేలు చేసే నత్రజని, భాస్వరం ఇక్కడ నాచును పెంచి పగడాలను కప్పివేస్తాయి. వ్యవసాయ నేపథ్యం ఉన్నవారు ఈ ఒక్క తేడాను గుర్తుంచుకుంటే మిగిలిన విషయాలు సులభంగా బోధపడతాయి.

తొట్టిలోకి వచ్చే నీరు

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల వ్యర్థ జలాలు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరా వైపు ప్రవహించిన చరిత్ర సుదీర్ఘమైనది. 1990లో ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఈ ప్రాంతపు నేలల్లోని భారలోహాలపై జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు అధ్యయనాలు ప్రచురించారు. అన్ని బోర్లూ ఒకే స్థితిలో ఉన్నాయని దీని అర్థం కాదు. అయితే పరీక్ష చేయించని బోరు నీటిని ఈ ప్రాంతంలో పగడపు తొట్టికి వాడటం సరికాదు. కాలుష్యం సోకని బోర్లలో సైతం గ్రానైటు పొరల నుంచి వచ్చే సిలికా, కాఠిన్యం ఎక్కువగా ఉంటాయి. సిలికా వల్ల గాజుపై, ఇసుకపై గోధుమరంగు డయాటమ్ నాచు పొరలుగా ఏర్పడుతుంది.

‘మేము తాగే నీరే గదా’ అనే వాదన తరచుగా వినిపిస్తుంది. దీనిని లెక్కవేసి చూడటం మేలు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా. వరకు ఉండవచ్చు. రాగికి ఆమోదయోగ్య పరిమితి 0.05 మి.గ్రా. తొట్టిలో 180 లీటర్ల నీరు ఉన్నదనుకుందాం. వారానికి 18 లీటర్లు మార్చి, ఆవిరైన 14 లీటర్లను తిరిగి నింపితే మొత్తం 32 లీటర్ల కొత్త నీరు చేరుతుంది. ఆవిరితో నైట్రేటు గానీ, రాగి గానీ పోవు. బయటకు పోయేది మార్చిన 18 లీటర్లలో ఉన్నంత మాత్రమే. 45 మి.గ్రా. నైట్రేటు ఉన్న నీటిని ఇలా వాడుతూ పోతే, చేపల విసర్జనను లెక్కలోకి తీసుకోకపోయినా, తొట్టిలో నైట్రేటు క్రమంగా 80 మి.గ్రా.కు చేరుతుంది. పగడపు తొట్టిలో ఉండదగినది 2 నుంచి 10 మి.గ్రా. మాత్రమే. రాగి విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. 0.05గా మొదలైనది సుమారు 0.09కి చేరుతుంది. మనుషులకు హాని చేయని ఈ మోతాదు రొయ్యలు, నత్తలు, పగడాల వంటి వెన్నెముక లేని జీవులకు ప్రాణాంతకం కాగలదు.

కనుక ఆర్.ఓ. యంత్రం, దాని తరువాత అయాన్లను తొలగించే రెజిన్ గొట్టం తప్పనిసరి. వంటింటి ఆర్.ఓ. యంత్రం ఇందుకు సరిపోదు. అందులో రుచి కోసం ఖనిజాలను తిరిగి కలుపుతారు. పైగా సిలికా, నైట్రేటు పొర గుండా కొంత జారిపోతాయి. రెజిన్ దాటిన నీటిలో టి.డి.ఎస్. మీటరు సున్నా చూపాలి. మీటరు 1 లేదా 2 చూపడం మొదలైతే రెజిన్ మార్చే సమయం వచ్చినట్లే. మిషన్ భగీరథ కుళాయి నీరు అందుబాటులో ఉంటే బోరు నీటి కంటే దానినే ఎంచుకోవడం మంచిది. అందులోని క్లోరిన్ ఆర్.ఓ. పొరను దెబ్బతీస్తుంది కనుక ముందు భాగంలోని కార్బన్ ఫిల్టరును సకాలంలో మార్చాలి.

ఒక లీటరు శుద్ధ జలానికి సుమారు మూడు లీటర్ల వృథా నీరు వస్తుంది. వారానికి 32 లీటర్లు కావాలంటే దాదాపు 100 లీటర్లు పక్కకు పోతాయి. అసలు నీటిలో టి.డి.ఎస్. 1000 ఉంటే ఈ నీటిలో 1300 దాటుతుంది. నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడవచ్చు. పెరటి మొక్కలకు దీనినే నిత్యం పోయరాదు.

ఉప్పు, ఇసుక, రాయి

సముద్రం రోడ్డు మార్గాన 300 కి.మీ.కు పైగా దూరంలో ఉన్నందున సముద్రపు నీటిని తెప్పించుకోవడం ఆచరణ సాధ్యం కాదు. అంగడిలో దొరికే పగడపు తొట్టి ఉప్పును లీటరు శుద్ధ జలానికి సుమారు 36 గ్రాముల చొప్పున కలపాలి. వంట ఉప్పు, కల్లుప్పు దీనికి ప్రత్యామ్నాయం కావు. వాటిలో దాదాపు అంతా సోడియం క్లోరైడే. మెగ్నీషియం, కాల్షియం, బైకార్బనేటు సరైన పాళ్లలో ఉండవు. ఉప్పును వేరే డ్రమ్ములో కలిపి, పంపుతో ఒక రోజు తిప్పిన తరువాతే తొట్టిలో పోయాలి. లవణీయత 35, అంటే 25 డిగ్రీల వద్ద సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.026 ఉండాలి. దీనిని రిఫ్రాక్టోమీటరుతో కొలవాలి. కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350, క్షారత కాల్షియం కార్బనేటుగా 125–160 మి.గ్రా., పీహెచ్ 8.1–8.4 మధ్య ఉంటే చాలు. ఈ అంకెల కోసం ప్రతిరోజూ మందులు కలపడం కంటే అవి స్థిరంగా ఉండేలా చూడటం ముఖ్యం.

తొట్టి 90 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉంటే 200 లీటర్లు పడుతుంది. అంతకంటే చిన్న తొట్టి చౌకగా దొరికినా అందులో ఉష్ణోగ్రత, లవణీయత త్వరగా మారిపోతాయి. నీరు, రాయి, గాజు కలిసి 280 కిలోల పైన బరువు ఉంటుంది. అందుచేత స్టాండు విషయంలో పొదుపు తగదు.

లక్డారం క్వారీల గ్రానైటు కంకర ఊరికే దొరుకుతుంది గదా అని అడుగున పరిచేవారు ఉండవచ్చు. గ్రానైటు కరగదు కనుక నీటి క్షారతకు ఎట్టి తోడ్పాటూ ఇవ్వదు. రాతిపొడి నీటిని మసకబారుస్తుంది, ఖనిజ మలినాలను వెంట తెస్తుంది. అరగొనైటు ఇసుక, కృత్రిమంగా తయారుచేసిన రంధ్రాల రాయి వాడాలి. క్వారీలకు దగ్గరి ఇళ్లలో తొట్టికి పైమూత, కిటికీకి సన్నని జాలి అవసరం. ప్రొటీన్ స్కిమ్మర్ గది గాలిని పీల్చి నీటిలో కలుపుతుంది కనుక దాని గాలి గొట్టానికి కార్బన్ ఫిల్టరు అమర్చాలి.

నత్రజని చక్రం

యూరియా వేసిన నేలలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా వర్గాలే ఇక్కడ రాతి రంధ్రాల్లో స్థిరపడాలి. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ కాలంలో చేపలు వేయరాదు. మంచినీటి చేపలను పెంచిన అనుభవం ఇక్కడ తప్పుదారి పట్టించగలదు. పీహెచ్ 7 వద్ద మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. 8.2 వద్ద అది 7 శాతం పైన ఉంటుంది. అంటే మంచినీటిలో చేప తట్టుకొనే అమ్మోనియాకే సముద్రపు చేప చనిపోతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి, నైట్రేటు కనిపించిన తరువాత మొదటి జీవిని వేయాలి.

ఏ జీవులను పెంచవచ్చు?

దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, అగ్ని పగడాలు, సీ ఫ్యాన్లు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేరాయి. సముద్ర గుర్రాలు, కొన్ని రాక్షస ఆల్చిప్పలు కూడా రక్షిత జాబితాలో ఉన్నాయి. దిబ్బల నుంచి పెళ్లగించిన ‘సజీవ శిల’ సాధారణంగా పగడపు అస్థిపంజరమే కనుక అదీ కొనదగినది కాదు. 2022 సవరణ తరువాత షెడ్యూళ్ల కూర్పు మారింది. అంతర్జాతీయ ఒప్పందం కిందకు వచ్చే సజీవ జాతులను కలిగి ఉన్నవారు నమోదు చేయించుకోవాలనే నిబంధన కూడా వచ్చింది. ఏ జీవిని కొన్నా శాస్త్రీయ నామం రాసిన బిల్లు తీసుకొని, ప్రస్తుత షెడ్యూలుతో సరిచూడాలి. పేరు రాయడానికి వెనుకాడే దుకాణదారు వద్ద కొనకపోవడమే ఉత్తమం.

ఇంత మాత్రాన తొట్టి వెలవెలబోదు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు, డాంసెల్ చేపలు గట్టివి, నలిపిన పొడి మేతకు అలవాటుపడినవి. వీటి ప్రజనన పద్ధతులను కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ రూపొందించింది. ఆ సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. క్లౌన్ చేపకు సీ అనిమోన్ ఉండి తీరాలన్నది అపోహ. మూలం తెలిసిన, ముక్కల ద్వారా పెంచిన మెత్తని పగడాలు, జోయాంథిడ్లు కొత్తవారికి అనువైనవి. 180 లీటర్లలో ఒక జత క్లౌన్లు, మరి రెండు చిన్న చేపలు చాలు. చేపలు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే మార్చవలసిన నీరు తగ్గుతుంది.

వేసవి

పటాన్‌చెరు సముద్ర మట్టానికి సుమారు 545 మీ. ఎత్తున ఉంది. 26 డిగ్రీల వద్ద సముద్రపు నీరు తీరంలో లీటరుకు సుమారు 6.6 మి.గ్రా. ప్రాణవాయువును ఇముడ్చుకోగా, ఇక్కడ 6.2 మాత్రమే ఇముడ్చుకుంటుంది. మే నెల వేడికి అది మరింత తగ్గుతుంది. నీటి ఉపరితలంపై ఫ్యాను గాలి తగిలేలా అమరిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. అది చాలని ఇళ్లలో చిల్లర్ తప్పదు. నీరు 29 డిగ్రీలు దాటకుండా చూడాలి. ఆవిరైన నీటిని శుద్ధ జలంతోనే భర్తీ చేయాలి, ఉప్పునీటితో కాదు. ఉప్పు తొట్టిలోనే మిగిలి ఉంటుంది కనుక. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఖరీదు స్వల్పం. రాత్రి రెండు గంటల కోతలో తొట్టిని కాపాడేది అదే.

బయటకు పోయే నీరు

వారానికి 18 లీటర్ల చొప్పున ఏడాదికి దాదాపు 34 కిలోల ఉప్పు ఇంటి నుంచి బయటకు పోతుంది. అందులో సోడియం ఒక్కటే సుమారు 10 కిలోలు. ఒక సెంటు పెరట్లో దీనిని పారబోస్తే ఎకరానికి 3.4 టన్నుల ఉప్పు వేసినట్లు అవుతుంది. సముద్రపు నీటి విద్యుత్ వాహకత సుమారు 50 డెసిసైమన్లు. నేల సారంలో 4 దాటితేనే ఆ నేలను చవుడుగా పరిగణిస్తారు. సోడియం శోషణ నిష్పత్తి సాగునీటిలో 26 దాటితే అతి ప్రమాదకరమని వర్గీకరణ. సముద్రపు నీటిలో అది 58కి పైనే.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలో నల్లరేగడి, ఎర్ర నేలలు రెండూ ఉన్నట్లే ఈ చుట్టుపక్కల కూడా రెండు రకాలూ కనిపిస్తాయి. ఎర్ర చెల్కలో ఉప్పు వేగంగా కిందికి దిగి బోరు నీటిని చేరుతుంది. నల్లరేగడిలో సోడియం బంకమట్టి రేణువులను పట్టుకొని వాటిని విడదీస్తుంది. వానకు నేల జిగురుగా మారి నీరు ఇంకదు, ఎండకు గట్టిపడి పగుళ్లిస్తుంది. కొబ్బరి ఉప్పును తట్టుకుంటుందన్న నమ్మకంతో దాని పాదులో పోయడం కూడా తగదు. చెట్టు తట్టుకున్నా నేల తట్టుకోదు.

భూగర్భ మురుగు కాలువకు, శుద్ధి కేంద్రానికి అనుసంధానమైన ఇళ్లలో 18 లీటర్లను ఒకేసారి వదలకుండా రోజుకు రెండున్నర లీటర్ల చొప్పున వదలాలి. నలుగురున్న ఇంటి మురుగునీటిలో అది లీటరుకు 0.2 గ్రాముల కన్నా తక్కువ ఉప్పుగా పలుచబడుతుంది. ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు మాత్రమే ఉన్న ఇళ్లకు ఈ మార్గం లేదు. అక్కడ చదరపు మీటరు వెడల్పున్న, మందపాటి పాలిథీన్ పరిచిన పళ్లెంలో ఆరబెట్టడమే శ్రేయస్కరం. వేసవిలో రెండు సెంటీమీటర్ల లోతు నీరు కొద్ది రోజుల్లోనే ఇంకి ఉప్పు ముద్దగా మిగులుతుంది. వానాకాలంలో పళ్లెంపై రేకు కప్పు ఉండాలి. మెగ్నీషియం లవణాల వల్ల ఆ ఉప్పు పూర్తిగా పొడిబారదు. దానిని మూత ఉన్న డబ్బాలో చేర్చి పొడి చెత్తకు ఇవ్వాలి. పశువులకు నాకించడానికి, వంటకు ఎంతమాత్రం వాడరాదు.

రోగం సోకిన చేపలకు యాంటీబయాటిక్, రాగి మందులు వాడితే ఆ తొట్టి వేరుగా ఉండాలి. ఆ నీటిని కాలువలో గానీ, నేలపై గానీ వదలరాదు. 2007లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం విడుదల చేసిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. వరకు ఉన్నట్లు ప్రచురించారు. మందు నీటిని యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపి, తరువాత పళ్లెంలో ఆరబెట్టి, కార్బన్‌ను, మిగిలిన ఉప్పును గట్టిగా మూసిన సంచిలో వేరుగా పారవేయాలి.

ఇప్పటికే పెరట్లో ఉప్పునీరు పోసినవారు అడుగు లోతు మట్టి నమూనా తీసి భూసార పరీక్షా కేంద్రంలో విద్యుత్ వాహకత, మార్పిడి సోడియం శాతం కొలిపించాలి. వాహకత మాత్రమే ఎక్కువగా ఉన్న పాల చౌడు మంచినీటిని నిలగట్టి కడిగితే తగ్గుతుంది. సోడియం శాతం 15 దాటితే జిప్సం కావాలి. మట్టిని పట్టుకున్న ప్రతి కిలో సోడియంకు సుమారు 3.7 కిలోల శుద్ధ జిప్సం లెక్కన, తొలకరికి ముందు పైమట్టిలో కలిపి, వాన నీరు పారిపోకుండా గట్టు వేయాలి. నల్లరేగడిలో జిప్సం వేయకుండా నీటితో కడగడానికి పూనుకొంటే ఉప్పు పోయి సోడియం మిగిలి, నేల మునుపటి కన్నా బిగుసుకుపోతుంది.