యాప్ క్రాష్ అయితే ఫోన్ ఎందుకు ఆగదు? స్టాక్ మెమరీకి కెర్నల్ కాపలా

బీటెక్ సెకండ్ ఇయర్‌లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాసిన. రికర్షన్ ఆగే కండిషన్ పెట్టుడు మర్చిపోయిన. రన్ చేయగానే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’! కానీ పక్కన మోగుతున్న పాట ఆగలేదు. ఆ రోజు నా ల్యాప్‌టాప్‌ను కాపాడింది కెర్నల్ అని తర్వాత తెలిసింది.

స్టాక్ ఎలా పెరుగుతుంది?

ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ దాని లోకల్ వేరియబుల్స్, తిరిగి రావాల్సిన అడ్రస్ స్టాక్‌లో చేరతాయి. లినక్స్‌లో మెయిన్ థ్రెడ్ స్టాక్ లిమిట్ సాధారణంగా 8 ఎంబీ. అయితే ఇదంతా ముందే ఇవ్వరు. ప్రోగ్రామ్ కొత్త పేజీని తాకితే పేజ్ ఫాల్ట్ వస్తుంది. ఆ అడ్రస్ స్టాక్ పెరిగే చోటే ఉందా, లిమిట్ దాటిందా అని కెర్నల్ చూస్తుంది. అంతా సరిగ్గా ఉంటేనే పేజీ ఇస్తుంది, సాధారణంగా 4 కేబీ. లేదంటే ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది.

మధ్యలో ఖాళీ ఎందుకు?

మా కరీంనగర్ దిక్కు చెరువు ఎఫ్‌టీఎల్ దాటినంక కూడా బఫర్ జోన్ వదలాలి. అక్కడ ఇల్లు కడితే వానాకాలం నీళ్లు ఇంట్లకే వస్తాయి. స్టాక్ కింద ఉండే గార్డ్ గ్యాప్ కూడా అంతే. దాన్ని తాకితే ఫాల్ట్.

ఒకప్పుడు ఈ గ్యాప్ ఒక్క పేజీ మాత్రమే. పెద్ద లోకల్ అర్రే ఉన్న ఫంక్షన్ ఆ పేజీని తాకకుండానే దాటేసి, పక్కనున్న మెమరీలో రాయగలదు. 2017 జూన్‌లో క్వాలిస్ సంస్థ ‘స్టాక్ క్లాష్’ పేరుతో ఈ దారిలో రూట్ అధికారం సంపాదించొచ్చని చూపించింది. దాంతో లినక్స్‌లో గ్యాప్‌ను 256 పేజీలకు, అంటే 1 ఎంబీకి పెంచారు. అంతకన్నా పెద్ద దూకుడు సంగతి? అందుకే 2018లో వచ్చిన జీసీసీ 8 కంపైలర్‌లో ఒక ఆప్షన్ చేర్చారు. అది స్టాక్‌ను పేజీ పేజీగా తాకిస్తూ పోతుంది కాబట్టి గ్యాప్‌ను దూకడం కుదరదు.

మరి కెర్నల్ సొంత స్టాక్?

అది పెరగదు. 64 బిట్ లినక్స్‌లో సాధారణంగా 16 కేబీ, అంతే. పాత రోజుల్లో అది పొంగితే పక్క డేటా చప్పుడు లేకుండా పాడయ్యేది. లినక్స్ 4.9 నుంచి ఎక్స్86లో, 4.14 నుంచి ఆర్మ్ 64లో దీనికీ గార్డ్ పేజీ పెట్టే వీలొచ్చింది. ఇప్పుడు పొంగితే సిస్టమ్ అక్కడే ఆగిపోతుంది. రీస్టార్ట్ అయితే చిరాకే, కానీ డేటా పాడవడం కన్నా నయం.

మనం చేయాల్సింది

కోడ్ రాసేవాళ్లు రికర్షన్‌కు ఆగే కండిషన్ పెట్టండి, పెద్ద అర్రేలను హీప్‌లో పెట్టండి. ఫోన్ కొనేవాళ్లు కెమెరా, ర్యామ్‌తో పాటు ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తారో కూడా చూడండి. ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే. ఇలాంటి రిపేర్లు మన ఫోన్‌కు చేరేది అప్‌డేట్ వస్తేనే!