చిన్న చిప్పుకు సరిపడే హాష్: కోల్‌కతా పరిశోధన చెప్పే పాఠం

ఇంటి గోడకు బిగించిన స్మార్ట్ విద్యుత్ మీటరులో ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్‌లో మార్పులు చేయాలంటే కొత్త ఫైలును దూరం నుంచే పంపవచ్చు. వచ్చిన ఫైలు అసలైనదేనా, దారిలో ఎవరైనా మార్చారా అన్నది మీటరే తేల్చుకోవాలి. అక్కడ పొరపాటు జరిగితే రీడింగు తారుమారు కావచ్చు, కనెక్షన్ తెగిపోవచ్చు. ఈ తనిఖీకి పునాది హాష్ ఫంక్షన్. పెద్ద కంప్యూటర్లకు తేలికైన ఈ లెక్క చిన్న చిప్పుకు భారమవుతుంది. ఆ భారాన్ని తగ్గించే అంతర్జాతీయ ప్రయత్నంలో కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ, అంటే ఐఎస్‌ఐ, పరిశోధకులకు చెప్పుకోదగ్గ పాత్ర ఉంది.

హాష్ అంటే ఏమిటి?

ఎంత పొడవైన సమాచారం ఇచ్చినా దాన్ని కలగలిపి, నిర్ణీత పొడవున్న ఒక ముద్రగా మార్చే లెక్కే హాష్. సమాచారంలో ఒక్క అక్షరం మారినా ముద్ర పూర్తిగా మారిపోవాలి. ముద్రను చూసి అసలు సమాచారాన్ని కనిపెట్టడం గానీ, ఒకే ముద్ర వచ్చే రెండు సమాచారాలను తయారు చేయడం గానీ ఆచరణలో అసాధ్యం కావాలి.

చిన్న చిప్పు కాబట్టి 32 బిట్ల చిన్న ముద్ర సరిపోదా? సరిపోదు. ఎందుకో పుట్టినరోజుల లెక్క చెబుతుంది. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వారిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది. అదే సూత్రం ప్రకారం 32 బిట్ల ముద్రకు దాదాపు 77,000 సందేశాలను ప్రయత్నిస్తే, ఎక్కడో రెండింటి ముద్రలు కలిసే అవకాశం సగం ఉంటుంది. సాధారణ కంప్యూటరుకు అది క్షణాల్లో పని. స్థూలంగా చెప్పాలంటే, ముద్ర పొడవులో సగం బిట్ల మేరకే ఈ రకమైన భద్రత దక్కుతుంది. అందుకే 256 బిట్ల ముద్రలు వాడుకలోకి వచ్చాయి.

చిక్కు జ్ఞాపకశక్తిలోనే

విస్తృతంగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతి 32 బిట్ల సంఖ్యలతో పనిచేస్తుంది. ఆర్డుయినో యూనో బోర్డులోని ఏటీమెగా328పీ చిప్పు ఒకసారికి 8 బిట్లనే పట్టుకోగలదు. కాబట్టి ఒక్కో కూడికను నాలుగు ముక్కలుగా, మిగులు అంకెను మోసుకుంటూ చేయాలి. ఆ చిప్పులో ర్యామ్ 2 కిలోబైట్లు. ఏటీటైనీ13 వంటి చిప్పులో అది 64 బైట్లే. ఎస్‌హెచ్‌ఏ-256ను మామూలు పద్ధతిలో రాస్తే, సందేశపు ముక్కకు 64 బైట్లు, నడుస్తున్న ఫలితానికి 32, మధ్యలోని లెక్కలకు మరో 32, మొత్తం 128 బైట్లు కావాలి. అంటే ఆ చిన్న చిప్పులో ఉన్న చోటుకు రెట్టింపు!

స్పాంజిలా పీల్చి, పిండి

2007లో కెచాక్ బృందం ప్రతిపాదించిన స్పాంజి నిర్మాణం దీనికి దారి చూపింది. ఇందులో ఒకే ఒక స్థితి ఉంటుంది. దానిలో కొంత భాగం బయటికి తెరిచి ఉంటుంది, మిగతాది లోపల దాగి ఉంటుంది. సందేశంలోని చిన్న ముక్కను తెరిచిన భాగంలో కలుపుతారు. తర్వాత మొత్తం స్థితిని బాగా కలియబెడతారు. సందేశం అయిపోయేదాకా ఇదే వరుస. చివర్లో స్పాంజిని పిండినట్టు ముద్రను బయటికి తీస్తారు.

తెరిచిన భాగాన్ని శత్రువు సందేశం ద్వారా తన ఇష్టం వచ్చినట్టు మార్చగలడు. దాగిన భాగం మాత్రం అతని చేతిలో ఉండదు. కాబట్టి భద్రత దాగిన భాగం పొడవు మీద ఆధారపడుతుంది.

2011లో జియాన్ గువో, థామస్ పేరాన్, ఆక్సెల్ పోష్‌మాన్ రూపొందించిన ఫోటాన్ ఈ బాటలో వచ్చిందే. 4 బిట్ల గడులను 8 అడ్డవరుసలు, 8 నిలువువరుసలుగా పేర్చితే 256 బిట్లు, అంటే 32 బైట్లు. అంతే దాని స్థితి. 16 విలువల చిన్న పట్టికతో గడులను మార్చడం, అడ్డవరుసలను జరపడం, నిలువువరుసలను కలపడం వంటి పనులను 12 విడతలు చేస్తారు.

ఒకే యంత్రం, రెండు పనులు

2018లో అవిక్ చక్రవర్తి, నీలాంజన్ దత్తా, ఐఎస్‌ఐ ఆచార్యుడు మృదుల్ నంది, జపాన్‌కు చెందిన కాన్ యసుడా కలిసి బీటిల్ అనే గుప్తీకరణ విధానాన్ని ప్రకటించారు. దాన్ని ఫోటాన్‌తో జోడించి తయారైనదే ఫోటాన్-బీటిల్. కలియబెట్టే యంత్రం ఒక్కటే. దానితోనే సమాచారాన్ని రహస్యంగా మార్చవచ్చు, 256 బిట్ల హాష్ కూడా తీయవచ్చు. రెండు పనులకు రెండు వేర్వేరు వలయాలు అక్కర్లేదు కనుక చిప్పులో చోటు కలిసివస్తుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ చిన్న పరికరాల కోసం నిర్వహించిన పోటీకి 2019లో 57 ప్రతిపాదనలు వచ్చాయి. 2021 మార్చిలో ప్రకటించిన 10 తుది పోటీదారుల్లో ఫోటాన్-బీటిల్ ఒకటి. నంది భాగస్వామిగా ఉన్న గిఫ్ట్-కాఫ్‌బీ మరొకటి.

గుక్క ఎంత ఉండాలి?

ఫోటాన్-బీటిల్ హాష్ మొదటి 16 బైట్లను నేరుగా స్థితిలో నింపుకుంటుంది. ఆ తర్వాత గుక్కకు 4 బైట్లే తాగుతుంది. 64 బైట్ల సందేశమైతే, మిగిలిన 48 బైట్లకు 12 గుక్కలు పడతాయి. ప్రతి గుక్కకూ 12 విడతల కలియబెట్టుడు తప్పదు.

గుక్క పెంచితే వేగం పెరగదా? పెరుగుతుంది, కానీ భద్రత తగ్గుతుంది. 256 బిట్లలో 32 తెరిచి ఉంటే 224 దాగి ఉంటాయి. అందులో సగం, అంటే 112 బిట్ల భద్రత. ఎన్‌ఐఎస్‌టీ అడిగిన కనీసం కూడా అదే. గుక్కను 8 బైట్లు చేస్తే దాగినవి 192 బిట్లు, భద్రత 96కు పడిపోతుంది.

2023 ఫిబ్రవరిలో ఎన్‌ఐఎస్‌టీ ఎంపిక చేసిన ఆస్కాన్ స్థితి 320 బిట్లు. ఫోటాన్ కంటే 8 బైట్లే ఎక్కువ. అయినా అది గుక్కకు 8 బైట్లు తాగుతూనే 256 బిట్లను దాచుకుంటుంది, భద్రత 128 బిట్లు. ఆస్కాన్ ఆధారిత ప్రమాణం 2025 ఆగస్టులో వెలువడింది. ఎనిమిది బైట్ల జ్ఞాపకశక్తికి ఎంత విలువుందో ఈ పోలికలో తెలుస్తుంది. అయితే హాష్ మొత్తం వేగం గుక్క ఒక్కదానితోనే తేలదు. ప్రతిసారీ కలియబెట్టడానికయ్యే శ్రమనూ లెక్కలోకి తీసుకోవాలి.

హాష్ ఒక్కటే చాలదు

హాష్ లెక్క అందరికీ తెలిసిందే. ఫైలును మార్చినవాడు కొత్త ముద్రను కూడా తయారుచేసి జతపరచగలడు. అందుకే మీటరు నమ్మాల్సింది ముద్రను ఒక్కదాన్నే కాదు. తయారీదారు రహస్య తాళంతో చేసిన డిజిటల్ సంతకం ఆ ముద్రపై ఉండాలి. సంతకం ఎంత గట్టిదైనా, కింది హాష్ బలహీనమైతే అదే సంతకం నకిలీ ఫైలుకూ చెల్లిపోయే ప్రమాదం ఉంది. చిప్పు చిన్నదైనా హాష్ భద్రతలో రాజీ పడకూడదనడానికి కారణం అదే. తగ్గించుకోవాల్సింది అది వాడుకునే చోటునూ, శక్తినీ మాత్రమే.