డాంపర్ కొనేముందు స్కేలు తియ్యండి

మా ఆర్‌సీ బగ్గీ పొట్ట నేలకి రాసుకునేది. గ్రౌండ్ వెనకాల పోసిన మొరం గుట్టల మీద నడిపితే, ఛాసిస్ గుట్టకి ఆనుకుని వెనక చక్రాలు గాల్లో తిరిగేవి. ఫెస్ట్‌లో ఆఫ్‌రోడ్ రేసుకి ఇంకా పది రోజులే ఉంది. "పొడుగు డాంపర్లు వేసేస్తే సరి" అని నేనే తీర్మానించేశాను.

"అన్నా, ఒకసారి కొలుద్దామా?" అన్నాడు మా టీంలో జూనియర్.

"కొలిచేదేముందిరా? 90 ఉన్నచోట 110 వేస్తే 20 మిల్లీమీటర్లు లేస్తుంది" అన్నాను. ఆ డాంపర్ల కోసం నా రూమ్మేట్ ఊరెళ్ళడానికి దాచుకున్న టికెట్ డబ్బులు కూడా ఇచ్చాడు.

డాంపర్లు వచ్చాయి, బిగించాం. బండి ఒంటెలా నిలబడింది. రేసులో మొదటి మలుపులోనే పల్టీ. లేపి మళ్ళీ పోనిస్తే, ఒక చిన్న గెంతుకే కుడివైపు డ్రైవ్‌షాఫ్ట్ ఊడి కింద పడింది. మా రేసు అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత వారం రోజులు స్కేలు, పెన్సిల్ పట్టుకుని కూర్చుని నేర్చుకున్నదే ఈ వ్యాసం.

బండిని మోసేది ఎవరు?

డాంపర్ బండిని మొయ్యదు. మోసేది దాని చుట్టూ ఉన్న స్ప్రింగ్. డాంపర్ లోపల ఉండేది నూనె, చిల్లులున్న పిస్టన్. పిస్టన్ కదిలినప్పుడు మాత్రమే నూనె అడ్డుపడుతుంది. బండి కదలకుండా ఉంటే ఆ బలం దాదాపు సున్నా. 1984లో వచ్చిన టామియా గ్రాస్‌హాపర్ బగ్గీకి కిట్‌తో ఇచ్చిన డాంపర్లలో నూనే లేదు. అయినా బండి నిలబడేది, కాకపోతే పేరుకి తగ్గట్టు మిడతలా గెంతేది.

మరి డాంపర్ పొడవుతో పనేంటి? అది రెండు హద్దులు పెడుతుంది: చక్రం ఎంత కిందికి దిగగలదు, ఎంత పైకి లేవగలదు. పొడుగుది కొంటే ఈ రెండూ మారతాయి. నేను ఆలోచించింది మొదటి దాని గురించే, అదీ తప్పుగా.

ఆ 20 మిల్లీమీటర్లు ఎంతయ్యాయి?

మా వెనక సస్పెన్షన్ ఆర్మ్‌లో లోపలి పిన్ను నుంచి డాంపర్ తగిలించే రంధ్రానికి 50 మి.మీ. అదే పిన్ను నుంచి చక్రం మధ్యకి 80 మి.మీ. ఇది బడిలో చదువుకున్న లీవరే. 50ని 80తో భాగిస్తే 0.625. డాంపర్ నిటారుగా ఉందనుకుంటే, చక్రం 10 మి.మీ. కదిలినప్పుడు డాంపర్ 6.25 మి.మీ. కదులుతుంది. వాలుగా బిగిస్తే ఈ నిష్పత్తి ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు తిరగేసి చూడండి. డాంపర్ 20 పెరిగితే బండి 20 ÷ 0.625 = 32 మి.మీ. లేస్తుంది. నాకు కావలసింది 10 మాత్రమే! ఆర్మ్ దాదాపు 23 డిగ్రీలు అదనంగా కిందికి వాలింది. అంత వంపులో డ్రైవ్‌షాఫ్ట్ పొడవు చాలలేదు, అందుకే ఊడింది.

పల్టీ లెక్క కూడా ఇదే. మా చక్రాల మధ్య వెడల్పు 250 మి.మీ., అందులో సగం 125. గురుత్వ కేంద్రం ఎత్తు సుమారు 55. 125ని 55తో భాగిస్తే 2.27. అంటే పక్కకి తోసే బలం బండి బరువుకి అన్ని రెట్లు అయితేగానీ లోపలి చక్రాలు లేవవు. ఎత్తు 32 పెరిగేసరికి అది 1.44కి పడిపోయింది. మొరంలో టైరు ఒక రాయికి తగిలి చటుక్కున ఆగిందంటే ఆ తేడా చాలు. 10 మాత్రమే పెంచి ఉంటే 1.92 దగ్గర ఉండేది.

మరి ఎలా ఎంచుకోవాలి?

ముందు పైసా ఖర్చు లేని దారులు చూడండి. డాంపర్ పైకొనని టవర్ మీద ఒక రంధ్రం కిందికి మార్చితే బండి కాస్త లేస్తుంది. స్ప్రింగ్ పైన క్లిప్పులు పెట్టినా లేస్తుంది. కానీ క్లిప్పులకి ఒక మెలిక ఉంది. మా పాత డాంపర్ పూర్తిగా సాగితే 90, బండి బరువుకి 82 దగ్గర ఆగేది. 6 మి.మీ. క్లిప్పులు పెడితే 88 దగ్గర ఆగుతుంది. ఎత్తు వచ్చింది గానీ సాగడానికి మిగిలింది 2 మాత్రమే. గుంట వస్తే చక్రం అందులోకి దిగలేదు, నేలని వదిలేస్తుంది.

కాబట్టి 10 మి.మీ. ఎత్తుకి పూర్తిగా సాగిన పొడవు 96 ఉన్న డాంపర్ కావాలి. అదే స్ప్రింగ్‌తో 88 దగ్గర ఆగుతుంది, కిందికి పాత 8 అలాగే ఉంటుంది.

ఇక చాలామంది మర్చిపోయేది: పూర్తిగా నొక్కినప్పటి పొడవు. కొత్త ఎత్తులో ఛాసిస్ కింద ఖాళీ 36 మి.మీ. ఛాసిస్ నేలని తాకేదాకా డాంపర్ 36 × 0.625 = 22.5 నొక్కుకోవాలి. అంటే 66 దాకా రావాలి. నేను కొన్న 110 డాంపర్ ఎంత నొక్కినా 78 దగ్గర ఆగిపోతుంది. పిస్టన్ కింద వాషర్లు వేసి 96కి కుదిద్దామని చూశాను. సాగడం తగ్గింది గానీ ఆ 78 మారలేదు. గెంతి దిగితే ఛాసిస్ నేలని తాకకముందే డాంపర్ ఆగిపోయి, దెబ్బంతా టవర్ మీద పడుతుంది. అందుకే సాగిన పొడవు, నొక్కిన పొడవు రెండూ చెప్పని డాంపర్ కొనకండి.

ముందు చక్రాలకి ఈ లెక్క విడిగా చెయ్యాలి, ఎందుకంటే ఆర్మ్ కొలతలు వేరు. బిగించాక బండిని చేత్తో పైకెత్తి, చక్రాలు వేలాడుతుండగా డ్రైవ్‌షాఫ్ట్ తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేసినా, జారుతున్నట్టున్నా రేసుకి తీసుకెళ్ళొద్దు.

చివరగా నూనె

సిలికాన్ ఆయిల్ సీసా మీద 'వెయిట్' అంకె కంటే సెంటీస్టోక్స్ అంకె చూడండి. ఒక కంపెనీ 30 వెయిట్, ఇంకో కంపెనీ 30 వెయిట్ ఒకటే చిక్కదనం కాకపోవచ్చు. నూనె పోశాక పిస్టన్‌ని మెల్లగా ఆడించి, బుడగలన్నీ పైకొచ్చాకే మూత బిగించండి. బండి వెనక భాగం నొక్కి వదలండి. లేచి నిలబడితే సరిపోయింది. రెండు మూడుసార్లు ఊగితే నూనె పల్చన, పాకుతున్నట్టు లేస్తే చిక్కన. ఎండలో నూనె పల్చబడుతుంది, కాబట్టి రేసు ఏ వేళకో ఆ వేళకే పరీక్షించండి.

తర్వాత 96 డాంపర్లు తెప్పించాం. ఈసారి కొలతలన్నీ జూనియర్ చేతే తీయించాను. అదే మొరం గుట్టల మీద బండి పొట్ట తగలకుండా, పల్టీ కొట్టకుండా తిరిగింది. చూడ్డానికి మేం ముగ్గురమే ఉన్నాం, కప్పు మాత్రం ఎవరో పట్టుకెళ్ళిపోయారు. రూమ్మేట్ డబ్బులు రెండు నెలల్లో తీర్చేశాను. "అన్నా, ఇప్పుడు కొలుద్దామా" అని వాడు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తూనే ఉంటాడు.

ఆ 110 డాంపర్లు నా షెల్ఫులోనే ఉన్నాయి. మీ బండికి సరిపోతాయనుకుంటే వచ్చి తీసుకెళ్ళండి. లెక్క చూపిస్తేనే ఇస్తాను.