సీ కోడ్ యూనిట్ టెస్టులో స్టబ్: తరచూ అడిగే ప్రశ్నలు

ఇక్కడ "అసలు ఫంక్షన్" అంటే వాడుకలో నడిచేది. "స్టబ్" అంటే టెస్టు బిల్డ్‌లో మాత్రమే దాని బదులు పనిచేసేది. కింది సమాధానాలు జీసీసీ, గ్నూ లింకర్‌లకు వర్తిస్తాయి.

1. ఏ అసలు ఫంక్షన్‌నైనా స్టబ్‌తో మార్చవచ్చా?

ఆ ఫంక్షన్‌కు చేసే పిలుపు ఎక్కడికి వెళ్లాలో ఖరారు కానంతవరకు మార్చవచ్చు. అసలు ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంటే దాని ఆబ్జెక్ట్ ఫైలును పక్కనపెట్టి, అదే పేరున్న స్టబ్‌ను లింక్ చేస్తే చాలు. రెండూ ఇస్తే మల్టిపుల్ డెఫినిషన్ ఎర్రర్ వస్తుంది.

2. అసలు ఫంక్షన్‌ను కూడా పిలవాలంటే?

ఉదాహరణకు, టైమ్ ఫంక్షన్ కోసం లింకర్‌కు --ర్యాప్=టైమ్ అని ఇవ్వండి. అప్పుడు టైమ్‌కు వెళ్లే పిలుపులు __ర్యాప్_టైమ్ అనే మీ స్టబ్‌కు వెళ్తాయి. స్టబ్ లోపల __రియల్_టైమ్ అని పిలిస్తే అసలు ఫంక్షన్ దొరుకుతుంది. గంట సెషన్ గడువు పరీక్షించడానికి గంటసేపు కూర్చోనక్కర్లేదు, స్టబ్ 3601 సెకన్లు ముందుకు జరిపిన సమయం ఇస్తే సరిపోతుంది.

మినహాయింపు ముఖ్యం. పిలిచే ఫంక్షన్, పిలవబడే ఫంక్షన్ ఒకే ఫైల్లో ఉంటే --ర్యాప్ వర్తించదు, ఎర్రర్ కూడా రాదు. ఈ మౌనం వల్ల ఒకసారి నాకు ఒక పూట వృథా అయింది. అందుకే స్టబ్‌లో ఒక లెక్కింపు వేరియబుల్ పెట్టి, అది సున్నా కాదని టెస్టులో తప్పక నిర్ధారించుకోండి.

3. ఒకే ఫైల్లో ఉంటే దారి లేదా?

ఉంది. అసలు ఫంక్షన్‌ను వేరే ఫైలుకు తరలించడం మేలు. లేదా దాన్ని వీక్ అని ప్రకటిస్తే మరో ఫైల్లోని స్టబ్‌కు ప్రాధాన్యం వస్తుంది. కాని స్టాటిక్ ఫంక్షన్‌కు వీక్ చెల్లదు.

4. ప్రామాణిక లైబ్రరీ పేర్లతో స్టబ్ రాయవచ్చా?

సీ ప్రమాణం ప్రకారం ఆ పేర్లు రిజర్వు అయినవి. మీరు వాటిని నిర్వచిస్తే ప్రవర్తనకు హామీ లేదు. గ్నూ సీ లైబ్రరీ మాలోక్ కుటుంబానికి మాత్రం అనుమతి ఇస్తుంది. అప్పుడు ఫ్రీ, క్యాలోక్, రీయాలోక్‌లను కూడా కలిపి ఇవ్వాలి. మిగతావాటికి --ర్యాప్ వాడండి. ప్రింట్ఎఫ్ విషయంలో మాత్రం జాగ్రత్త: కొత్త లైనుతో ముగిసే స్థిర వాక్యమైతే జీసీసీ దాన్ని పుట్స్‌గా మార్చేయవచ్చు, మీ స్టబ్‌కు కబురే అందదు. -ఎఫ్‌నో-బిల్టిన్ దీన్ని ఆపుతుంది.

5. ఏ పద్ధతికి గడువు ఎప్పటివరకు?

మాక్రో అయితే కంపైల్‌కు ముందే, --ర్యాప్ అయితే లింక్ చేసేటప్పుడు. ఎల్‌డీ_ప్రీలోడ్ అయితే ప్రోగ్రామ్ మొదలయ్యేలోపు. అదీ అసలు ఫంక్షన్ డైనమిక్ లైబ్రరీ నుంచి వస్తేనే. ఫంక్షన్ పాయింటర్ అయితే పిలుపుకు ముందు ఎప్పుడైనా.

6. స్టబ్ రాసేవారి బాధ్యత ఏమిటి?

ఆర్గ్యుమెంట్లు, తిరిగిచ్చే రకం అసలు ఫంక్షన్‌తో సరిపోవాలి. సీ లింకర్ పేరు చూస్తుంది, రకం చూడదు. కాబట్టి అదే పేరున్న స్టబ్ ఫైల్లో అసలు ఫంక్షన్ హెడర్‌ను చేర్చండి, తేడా ఉంటే కంపైలర్ పట్టుకుంటుంది. __ర్యాప్_ పేర్లకు ఆ రక్షణ లేదు. హెడర్ మారిన ప్రతిసారీ వాటిని మీరే సరిచూసుకోవాలి.