ప్రజాప్రభుత్వము – దాని రక్షణము

విద్యార్థులారా! కోటలను శత్రువులు వెలుపలనుండి పట్టుకొందురని చరిత్రయందు చదివితిరి. ప్రజాప్రభుత్వమను కోట లోపలనుండియు పడిపోవచ్చును. జర్మనీ యిందుకు తార్కాణము.

1919వ సంవత్సరపు వైమారు రాజ్యాంగము స్త్రీపురుషులకు సమానముగా ఓటు నొసగెను. కాని అందలి 48వ అధికరణము, ఆపత్కాలమున అధ్యక్షుడు పౌరహక్కులను నిలుపవచ్చుననెను. 1923లో కాగితపు ద్రవ్యము విలువ నశించెను. 1932 నాటికి నిరుద్యోగులు సుమారు 60 లక్షలైరి. ఆకలిగొన్నవానికి వాగ్దానమే అన్నమువలె దోచును. 1933 జనవరి 30న హిట్లరు చాన్సలరయ్యెను. ఫిబ్రవరి 27న శాసనసభాభవనము తగులబడెను. మరునాడే ఆ 48వ అధికరణము పేర పత్రికాస్వాతంత్ర్యమును, సభాస్వాతంత్ర్యమును నిలిపివేసిరి. మార్చి 23న సభ తన శాసనాధికారమును తానే మంత్రివర్గమున కప్పగించెను. అనుకూలురు 444, ప్రతికూలురు 94. కమ్యూనిస్టు సభ్యులను రానీయనే లేదు. హిట్లరు దళములు సభను చుట్టుముట్టియుండెను. అట్టి సమయమున ఓటో వెల్సు లేచి ప్రతిఘటించి మాటలాడెను. ఈ పాఠము చెప్పునపుడు నేను ఆ 94 అంకెనే నల్లబల్లపై పెద్దగా వ్రాయుదును.

1949లో పశ్చిమ జర్మనీవారు ఇది మఱవక, మానవగౌరవమును, ప్రజాపాలన సూత్రమును ఎంత అధికసంఖ్యాకులు కోరినను మార్చరాదని తమ మూలశాసనమున వ్రాసికొనిరి.

మన దేశమునను 1975 జూన్ 25న అత్యవసరస్థితి ప్రకటింపబడి, 21 నెలలు సాగెను. తరువాత 1978నాటి 44వ సవరణము, అట్టి కాలమునందును 20, 21 అధికరణముల హక్కులను నిలుపరాదనెను. పెద్దతరగతులవారు ఆ రెంటిని రాజ్యాంగ ప్రతియందు చదివి, వానిని కాపాడుట యేల అవసరమయ్యెనో తలిదండ్రుల నడిగి తెలిసికొందురు గాక.