లోవెల్ మిల్లులు – నీలం నగర్ మగ్గములు



మొన్న చరిత్రోపాధ్యాయులు సెలవులో నుండుటచే తొమ్మిదవ తరగతికి మేము పోవలసివచ్చినది. మేము తెలుగు చెప్పువారము. చరిత్ర మా విషయము కాదు. అయినను పుస్తకము తెరచి, రెండవ ప్రపంచ యుద్ధము ముగియువరకు చదివించితిమి. అంతలో వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "సార్, యుద్ధమైనంక అందరు గరీబులైతే అమెరికోల్లు ఒక్కల్లే ఎట్ల బాగుపడ్డరు? ఆడ మనలెక్క మగ్గం పనోల్లు ఉండెనా?" అని అడిగెను. మొదటి ప్రశ్నకు సమాధానము పుస్తకములలో సులభముగా దొరకును. రెండవ ప్రశ్న మమ్ము కొంతసేపు ఆలోచింపజేసినది. గంట కొట్టుటచే ఆనాడు సగమే చెప్పగలిగితిమి. మిగిలినది ఇచట వ్రాయుచున్నాము. తలిదండ్రులును చదువవలెనని మా కోరిక.

1945లో యుద్ధము ముగియునప్పటికి ఐరోపాలోను జపానులోను కర్మాగారములు పెక్కు నేలమట్టమై యుండెను. అమెరికా పట్టణములకు ఆ దుర్గతి పట్టలేదు. ట్యాంకులును విమానములును చేసిన యంత్రశాలలే పిదప కార్లును రిఫ్రిజిరేటర్లును చేయనారంభించినవి. వానిని కొనువారు కావలెను గదా! ప్రభుత్వము 1944లోనే ఒక చట్టము చేసి, యుద్ధమునుండి తిరిగివచ్చిన సిపాయికి చదువుకొనుటకు ధనమును, ఇంటి అప్పునకు పూచీని ఇచ్చెను. 1956 నాటికి సుమారు 78 లక్షలమంది ఆ చట్టమువలన చదువో పనిలో శిక్షణయో పొందిరి. తరతరములుగా కూలిపని చేసిన కుటుంబములనుండి ఇంజనీర్లును ఉపాధ్యాయులును బయలుదేరిరి.

ఇండ్ల సంగతి మరింత వింతగా నుండును. న్యూయార్కు నగరమునకు తూర్పున, లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంపలు పండు పొలములలో, 1947లో లెవిట్ అను కుటుంబమువారి సంస్థ ఇండ్లు కట్టనారంభించినది. 1951 నాటికి అచట 17 వేలకు పైగా ఇండ్లు లేచినవి. ఆ ఊరికి లెవిట్‌టౌన్ అని పేరు. అంత వేగము ఎట్లు సాధ్యమైనది? మన మగ్గపు పనిని తలచుకొనుడు. కండెలు చుట్టువారు వేరు, పడుగు సిద్ధపరచువారు వేరు, నేయువారు వేరు. లెవిట్ సంస్థవారును ఇంటి కట్టుబడిని ఇరువదికి పైగా పనులుగా విడదీసి, ఒక్కొక్క జట్టు ఒక్క పనియే చేయుచు ఇంటినుండి ఇంటికి సాగునట్లు ఏర్పరచిరి. ఆ ఇండ్లలోనికి టెలివిజను వచ్చెను. 1950లో నూరిండ్లలో పదింట కూడ లేని ఆ పెట్టె, 1960 నాటికి తొంబదింటికి చేరువగా చేరినది.

అయితే ఈ భాగ్యము అందరిది కాదు. లెవిట్‌టౌన్‌లో నల్లజాతివారికి ఇల్లు అమ్మలేదు. బడులలో పిల్లలను వర్ణమునుబట్టి వేరుచేయుట చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పెను. 1955 డిసెంబరులో మాంట్‌గొమరీ పట్టణమున రోజా పార్క్స్ బస్సులో తన చోటు విడువ నిరాకరింపగా, అచటి నల్లవారు 381 దినములు బస్సు ఎక్కక కాలినడకనే పనులకు పోయిరి. దీనికి ప్రత్యేకముగా ఒక పాఠమే కావలెను. మరియొక సంచికలో వ్రాసెదము.

ఇక ఆ బాలుని రెండవ ప్రశ్న. అవును, అచటను మనవంటి మగ్గపు పనివారు ఉండిరి.

బోస్టను నగరమునకు ఉత్తరమున, మెరిమాక్ నదీతీరమున, లోవెల్ అను పట్టణము కలదు. 1820వ దశకమున ఆ నది జలశక్తితో నడచు నూలు మిల్లులు అచట వెలసినవి. మొదట చుట్టుపట్ల పల్లెలలోని రైతుల కుమార్తెలు మగ్గములయొద్ద పనిచేసిరి. పిదప ఐర్లండు మొదలగు దేశములనుండియు, పొరుగున నున్న కెనడాలోని క్యూబెక్ ప్రాంతమునుండియు కూలీలు వచ్చిరి. క్యూబెక్‌వారి మాతృభాష ఫ్రెంచి. 1840 మొదలు 1930 వరకు సుమారు 9 లక్షలమంది అట్లు సరిహద్దు దాటిరని చరిత్రకారులు లెక్కకట్టిరి. చాలని సేద్యము, పెద్ద కుటుంబము, తీరని అప్పు వారిని ఇల్లు కదిలించినవి. ఇది మీ తాతముత్తాతల కథవలెనే తోచుటలేదా? తెలంగాణమునుండి పద్మశాలీలు మూటలు కట్టుకొని షోలాపురమునకు వచ్చినదియు బ్రదుకుతెరువునకే. 1877లో ఇచట మొదటి నూలు మిల్లు ఆరంభమైన పిదప ఆ రాక మరింత పెరిగినది.

లోవెల్‌లో ఆ క్యూబెక్‌వారి పేటకు చిన్న కెనడా అని పేరు. అచట అంగడిలో బేరము ఫ్రెంచిలో, ప్రార్థన ఫ్రెంచిలో, వీథిలో తగవును ఫ్రెంచిలోనే. నక్షత్రమని అర్థము వచ్చు 'లెత్వాల్' అను పేర ఫ్రెంచి వార్తాపత్రిక యొకటి వెలువడుచుండెను. చర్చివారి బడులలో ఒక పూట ఫ్రెంచి, ఒక పూట ఇంగ్లీషు చెప్పుచుండిరి. భాష పోయిన మతమును పోవునని వారి పెద్దలు నమ్మిరి.

అమెరికాలో ఇట్టి చదువును చట్టముతో ఆపజూచినవారును కలరు. నెబ్రాస్కా రాష్ట్రమున 1919లో, ఎనిమిదవ తరగతి దాటని పిల్లలకు పరభాష నేర్పరాదని శాసనము చేసిరి. ఒక బాలునిచేత జర్మను భాష చదివించినందుకు రాబర్ట్ మేయర్ అను ఉపాధ్యాయునికి 25 డాలర్ల జరిమానా పడినది. ఆయన పోరాడెను. 1923లో సుప్రీంకోర్టు ఆ శాసనము చెల్లదని తీర్పు చెప్పెను. భాష చెప్పి బ్రదుకు మావంటివారికి ఆ పేరు తలచినపుడెల్ల సంతోషము కలుగును.

చట్టము చేయలేని పనిని తరువాతి దశకములలో సౌఖ్యము చేసినది. దక్షిణ రాష్ట్రములలో కూలి చౌక యగుటచే మిల్లుల యజమానులు అటు తరలిపోయిరి. దేశమంతట కార్లును ఇండ్లును పెరుగుచున్న కాలముననే లోవెల్ మిల్లులు ఒక్కొక్కటి మూతపడినవి. 1950వ దశకపు నడుమ బూట్ మిల్లును ఆగిపోయెను. చదువుకొన్న యువకులు ప్రభుత్వపు పూచీతో అప్పు తెచ్చి, పట్టణము వెలుపల ఇండ్లు కొనిరి. అచట ప్రక్కింటివాడు ఇటలీవాని కొడుకు, ఎదురింటివాడు పోలెండువాని మనుమడు. ముగ్గురికి పొత్తు ఇంగ్లీషే. టెలివిజనులోను ఇంగ్లీషే. తల్లి ఫ్రెంచిలో పిలిచిన, బిడ్డ ఇంగ్లీషులో పలికెను. కొంతకాలమునకు తల్లియు ఇంగ్లీషులోనే పిలువసాగెను. 'లెత్వాల్' ఆ దశకమున నిలిచిపోయెను. చిన్న కెనడా ఇండ్లను 1960వ దశకమున నగర పునర్నిర్మాణము పేర కూల్చిరి.

ఆ తలిదండ్రులను తప్పుపట్ట మాకు మనసు రాదు. దూదిధూళి పీల్చి దగ్గుచు ఇల్లు చేరిన తండ్రి, కొడుకు మగ్గము ముఖము చూడకూడదని కోరుట సహజము. వారి కోరిక నెరవేరినది. మనుమలకు తాతతో మాటలాడుటకు మాత్రము మాటలు కరవైనవి.

1922లో లోవెల్‌లో క్యూబెక్ కుటుంబమున పుట్టిన జాక్ కెరువాక్ కథ ఇచట చెప్పదగినది. తండ్రి ముద్రణాలయపు పనివాడు. ఇంట ఫ్రెంచియే, ఆరేండ్లు వచ్చువరకు ఆ బాలునికి ఇంగ్లీషు రాదు. 1957లో అతడు ఇంగ్లీషులో వ్రాసిన 'ఆన్ ది రోడ్' అను నవల వెలువడినది. ఇల్లు, కారు, ఉద్యోగము ఉండియు మనసు నిలువని యువజనులు దానిని చేతబట్టి చదివిరి. ఆ దశకమును తెలిసికొనుటకు నేటికిని దానిని చూపుదురు. అతడు 1969లో మరణించెను. తల్లిభాషలో వ్రాసి పెట్టుకొన్న కాగితములు 2016లో గాని గ్రంథరూపమున రాలేదు.

నీలం నగర్ లోవెల్ కాదు. ఇచట మరమగ్గము ఇంటనో ఇంటిప్రక్క షెడ్డులోనో ఆడుచుండుటచే, పనియు భాషయు ఒక్క కప్పు క్రింద నున్నవి. దుప్పట్లు, తువ్వాళ్లు నేయు ఆ చప్పుడులో అరచి మాటలాడిన మాట తెలుగే. బీడీలు చుట్టుచు అమ్మలు చెప్పుకొను కష్టసుఖములు తెలుగే. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు చూడవలెనని 1956లో మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చిరి. కావున చట్టము మనవైపుననే కలదు. అయినను మా బడిలో పేరు వ్రాయించుటకు వచ్చిన తండ్రి, "తెలుగు చదివితే నౌకరీ వస్తదా సార్?" అని అడిగినపుడు, రాజ్యాంగము చదివి వినిపించిన ప్రయోజనమేమి? మరాఠీ కావలెను, ఇంగ్లీషు కావలెను. మేము కాదనము. ఒక పూట ఒకటి, ఒక పూట ఒకటి చదివిన లోవెల్ పిల్లలకు రెండును వచ్చినవని మాత్రము ఆయనకు చెప్పితిమి. బాలుని చేర్చినాడు.

1965లో అమెరికా వలస చట్టము మారిన పిదప తెలుగువారు పెద్దసంఖ్యలో ఆ దేశము చేరి, అట్టి ఊరివెలుపలి ఇండ్లలోనే కాపురముండిరి. వారి పిల్లలకును అదే చిక్కు వచ్చినది. 2007లో అచట 'మనబడి' అను పేర తెలుగు తరగతులు మొదలైనవి. సెలవుదినమున కారులో కూర్చుండబెట్టి తెచ్చి, పిల్లలచేత అక్షరములు దిద్దించుచున్నారు. మన పిల్లలకు అక్షరములు దిద్దించు బడి నడచిపోవు దూరములో నున్నది.

ప్రశ్న అడిగిన బాలునికి మరునాడు ఒక పని చెప్పితిమి: తాతగారి నడిగి మగ్గపు పనిముట్ల పేర్లు వ్రాసి తెమ్మని. రెండు పుటలు నింపి తెచ్చెను. పడుగు, పేక, కండె, నాడె, అచ్చు, ఆసు ఉన్నవి. మరాఠీలోని కాండియు మన కండెయు ఒకే వస్తువని తానే కనుగొని ప్రక్కన గీత గీసినాడు. పొరుగు రాష్ట్రమున తెలుగు చదివి శిక్షణ పొందివచ్చిన మాకు ఆ పుటలలోని నాలుగు మాటలు తెలియవు. వాని అర్థము అడుగుటకు వచ్చు ఆదివారము ఆ తాతగారి యింటికి పోవుచున్నాము.