ఫైర్‌వాల్ – కాపలా విద్య, కంపెనీ షేరు



నేడు బ్యాంకు ఖాతా, రైలు టికెట్టు, పరీక్షా ఫలితాలు, మన స్కాలర్‌షిప్పు – అన్నీ కంప్యూటర్ నెట్‌వర్క్ మీదనే నడుస్తున్నాయి. ఇంటికి తలుపు ఎంత అవసరమో నెట్‌వర్క్‌కు రక్షణ అంత అవసరం. ఆ రక్షణలో ముఖ్యమైనది ఫైర్‌వాల్. అది ఎలా పనిచేస్తుందో, దానిని తయారుచేసే కంపెనీ షేరును ఎలా అంచనా వేయాలో తెలుసుకుందాం.

ఫైర్‌వాల్ అంటే ఏమిటి?

నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. ప్రతి ప్యాకెట్ మీద ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడికి పోవాలి అనే చిరునామాలు ఉంటాయి. వీటిని తనిఖీ చేసి కొన్నింటిని లోపలికి వదిలి, కొన్నింటిని ఆపేదే ఫైర్‌వాల్.

మన హాస్టల్ గేటుతో పోల్చి చూడండి.

1. చీటీ మీద పేరు మాత్రమే చూసి పంపే వాచ్‌మన్ మొదటి రకం. దొంగ చీటీ తెచ్చినవాడు కూడా లోపలికి వచ్చేస్తాడు.
2. ఎవరు బయటికి వెళ్ళారో రిజిస్టరులో రాసుకుని, వెళ్ళినవారినే తిరిగి రానిచ్చే వాచ్‌మన్ రెండవ రకం. దీనిని స్టేట్‌ఫుల్ ఇన్‌స్పెక్షన్ అంటారు.
3. రిజిస్టరుతో పాటు సంచి కూడా విప్పి చూసేవాడు మూడవ రకం. ఇదే నెక్స్ట్ జనరేషన్ ఫైర్‌వాల్.

చెక్ పాయింట్ కథ

రెండవ రకాన్ని ప్రపంచమంతటా వ్యాప్తి చేసిన కంపెనీ ఇజ్రాయెల్‌కు చెందిన చెక్ పాయింట్. గిల్ ష్వెడ్, మారియస్ నాఖ్ట్, ష్లోమో క్రామర్ అనే ముగ్గురు యువకులు 1993లో దీనిని స్థాపించారు. వీరి ఫైర్‌వాల్-1 బాగా అమ్ముడుపోయింది. 1996లో కంపెనీ షేర్లు అమెరికాలోని నాస్‌డాక్‌లోకి వచ్చాయి.

సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి తయారుచేస్తే, మరో కాపీ తీయడానికి ఖర్చు దాదాపు ఉండదు. అందుకే 2001లో సుమారు 52.8 కోట్ల డాలర్ల అమ్మకాలపై 32 కోట్ల డాలర్లకు పైగా నికర లాభం వచ్చింది. నూటికి అరవై లాభమన్నమాట!

మంచి కంపెనీ, చెడ్డ ధర

ఇక్కడే అసలు పాఠం ఉంది. 2000లో టెక్నాలజీ షేర్ల వెర్రి పెరిగినప్పుడు చెక్ పాయింట్ షేరు నూరు డాలర్లు దాటింది. అప్పుడు ధర, షేరుకు వచ్చే ఏడాది లాభానికి నూరు రెట్లకు పైనే. 2002లో అమ్మకాలు 42.7 కోట్ల డాలర్లకు తగ్గాయి. షేరు ఇరవై డాలర్ల లోపుకు పడిపోయింది. కంపెనీ ఆ ఏడాది కూడా 25 కోట్ల డాలర్లకు పైగా లాభం సంపాదించింది! చెడిపోయింది కంపెనీ కాదు, కొన్నవారి లెక్క.

షేరు మళ్ళీ నూరు డాలర్లు దాటింది 2017లో. ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు పి.జి. పూర్తిచేసేంత కాలమది.

భవిష్యత్తు ఎలా ఉంది?

దొంగలు ఉన్నంతకాలం కాపలాకు గిరాకీ తగ్గదు. కానీ గిరాకీ అంతా ఒకే కంపెనీకి దక్కదు. చెక్ పాయింట్‌లో పనిచేసిన నిర్ జుక్ 2005లో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ స్థాపించి, మూడవ రకం ఫైర్‌వాల్‌తో పోటీకి దిగాడు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీ అమ్మకాలు సుమారు 800 కోట్ల డాలర్లు. అదే ఏడాది చెక్ పాయింట్‌వి సుమారు 256 కోట్లు. పైగా 2020 తరువాత ఇంటి నుండి పనిచేసేవారు పెరిగి, సమాచారం క్లౌడ్‌లోకి చేరి, ఒక్క గేటు దగ్గర కాపలా కాస్తే సరిపోని పరిస్థితి వచ్చింది.

కనుక ఏ షేరు గురించి విన్నా ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. అమ్మకాలు ఏటేటా పెరుగుతున్నాయా?
2. పాత ఖాతాదారులు ఏటా రుసుము కట్టి కొనసాగుతున్నారా?
3. పోటీదారు కొత్తగా ఏమి తెస్తున్నాడు?
4. లాభానికి ధర ఎన్ని రెట్లు ఉంది?

నాలుగింటికీ జవాబు తెలియకుండా పెట్టే డబ్బు పెట్టుబడి కాదు, పందెం. “రెట్టింపవుతుంది” అని ఎవరు చెప్పినా స్కాలర్‌షిప్పు డబ్బునూ, అమ్మానాన్నల కూలి డబ్బునూ పందెంలో పెట్టకండి. దాని బదులు నెట్‌వర్కింగ్ నేర్చుకోండి. షేరు ధర పడిపోవచ్చు గానీ నేర్చుకున్న విద్యకు పతనం లేదు.